పెన్ను ఊపి చూడు

నగరిలో బస్టాండు వెనక సందు.
మగ్గాల చప్పుడు ఆగితేనే
ఉలిక్కిపడి లేచే ఊరు మాది.

పొద్దున్నే వచ్చినాడు వేలాయుధం,
సగం ఎత్తిన షట్టరు కింద వంగి దూరి.
"ఎనిమిది మగ్గాలు, ఎనిమిది లైట్లు,
అన్నిటికీ డ్రైవర్లు పోయినాయి.
నూట ఇరవైది ఇయ్యి,
వెలిగితే సరి కదా."

వెలగడానికేం,
మిణుగురు కూడా వెలుగుతాది.

కూర్చోబెట్టినా. టీ చెప్పినా.
వాడు తెచ్చిన లైటు వీపు తిప్పి
నూలు దుమ్ము తుడిచి చదివినా,
చీమకాళ్ళంత అక్షరాలు:
ముప్పై ఆరు వాట్లు, మూడొందల మిల్లీ ఆంపియర్లు.

"దీని ఆకలి వోల్టేజి కాదప్పా, కరెంటు.
వేడెక్కే కొద్దీ ఇంకా ఇంకా అడుగుతాది,
అడిగినంతా పెట్టినావా, మాడి చస్తాది.
నీ బీము మీద పడుగు ఉండాదే,
మగ్గం ఎంత గుంజినా
లెక్క ప్రకారమే నూలు వదలతాదే,
అట్ట వదిలేది కావాల.
ముప్పై ఆరుకు ముప్పై ఆరే కొనొద్దు,
నిండు బిందె నెత్తిన పెట్టుకోని
ఎన్నాళ్ళు నడుస్తాది? నలభై అయిదుది తీసుకో,
కొంచెం ఊపిరాడనీ."

వాడు టీ ఊదుకుంటా ఉండాడు.

"రాత్రి పదికి ఊళ్ళో మగ్గాలు ఆపేస్తారా,
అప్పుడు చూడు మన లైను పొగరు,
రెండొందల డెబ్బై కాడికి ఎగబాకుతాది.
పైన రేకులు, మే నెల.
దీని లోపల కెపాసిటర్ ఉంటాది
చిటికెన వేలంత.
అదుంటేనే వెలుగు నిలకడ."

"ఎంత?"
"మూడొందల ఇరవై."
"ఎనిమిదిటికి పదహారొందలు ఎక్కువ.
పదహారొందలకు ఎన్ని మీటర్లు నేయాల్నో తెలుసునా నీకు?"

తెలుసు.
నాకు తెలిసిందింకొకటి ఉండాది,
అది నేను ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళ కింద
తిరుపతి నుంచి నూరు డబ్బాలు తెచ్చినా,
అగ్గిపెట్టెంత తేలిక.
విప్పి చూసినా కూడా.
చిటికెన వేలంతది లేదు లోపల.
అయినా అమ్మినా.

సెకనుకు నూరుసార్లు ఆరి వెలిగే వెలుగు,
కంటికి తెలియదు,
తిరిగే చక్రానికి తెలుసు.
ఆ వెలుగులో చక్రం ఆకులు
కదలకుండా నిలబడినట్టు కనిపించినాయంట దేశమ్మకు.
ముప్పై మగ్గాలు మోగే షెడ్డులో
ఒకటి ఆగిందో లేదో
చెవి ఏం చెప్తాది?
తెగిన పోగు తీయను చెయ్యి పెట్టింది.

ఆస్పత్రిలో అందరూ నిద్ర మబ్బు అన్నారు,
రెండో షిఫ్టు కదా అన్నారు.
నేను బత్తాయిపండ్లు తీసుకోని పోయి
నిలబడి వచ్చినా.
మిగిలిన డబ్బాలు యాడ పారేసినానో
మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.
ఒక్కటి మాత్రం ఉంచుకున్నా,
బల్ల మీద పాత లైటుకు తగిలించి,
కొనేవాళ్ళకు చూపించను.
అట్లని నాకు నేను చెప్పుకుంటా.

స్విచ్చి వేసినా.
చూపించేదానికి పెన్ను వెతికే లోపల
వేలాయుధమే నా జేబులోది లాక్కున్నాడు,
లైటు కింద అటూ ఇటూ ఊపినాడు.
ఒక పెన్ను పది పెన్నులైంది,
విసనకర్ర పుల్లల మాదిరి
విడివిడిగా, ఒక్కోటీ ఆగి ఆగి.

రెండో లైటు కింద ఊపినాడు.
పుల్లల్లేవు,
పాలు ఒలికి జారినట్టు
ఒకటే నున్నటి చార.

"ఎవరు నేర్పినారు?"
"దేశమ్మ. మా కాడే కదా చేస్తా ఉండేది ఇప్పుడు.
డ్రైవర్లు నీ కాడే కొనమనింది.
కొనే ముందు పెన్ను ఊపి చూడమనింది."

ఫ్యానుకు బిల్లుబుక్కు కాగితాలు కొట్టుకుంటా ఉండాయి.
నేను వాటినే చూస్తా కూర్చున్నా.

"సరే, మూడొందలు చేసుకో,
ఎనిమిదీ తీసుకుంటా" అన్నాడు.
చేసినా.
ఒక్కోటీ లైటుకు తగిలించి,
ఒక్కోదాని కిందా ఊపి,
అప్పుడు గానీ సంచిలో వేసుకోలేదు వాడు.

పోతా పోతా
నా పెన్ను వాడి జేబులోనే పోయింది.
పిలిచి అడగలేదు నేను.